గుండె లయ తప్పితే: ఏది వదిలేయొచ్చు, దేనికి వైద్యం కావాలి

గుండె ఒక్క క్షణం ఆగి, ధన్‌మని కొట్టుకున్నట్టు అనిపించడం చాలామందికి అనుభవమే. నిజానికి గుండె ఆగదు. ఒక స్పందన తొందరపడి ముందే వస్తుంది, తర్వాత చిన్న విరామం. ఆ విరామంలో గుండెలోకి ఎక్కువ రక్తం చేరడంతో తర్వాతి దెబ్బ గట్టిగా తెలుస్తుంది. వీటిని ఎక్టోపిక్ బీట్స్ అంటారు. గుండెజబ్బు లేనివాళ్లకు ఇవి అప్పుడప్పుడు వస్తే మందులు అక్కర్లేదు. నిద్రలేమి, మద్యం, ఎక్కువ కాఫీ, జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ వీటిని పెంచొచ్చు.

ఎంత భయం వేసిందన్నదాన్ని బట్టి ప్రమాదాన్ని కొలవకండి, నాడి చూడండి. 5 నిమిషాలు కూర్చున్నాక, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నిండా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణిస్తే లయ తప్పిన నాడిలో లెక్క తప్పుతుంది. విశ్రాంతిలో 60–100 మామూలు. బాగా వ్యాయామం చేసేవాళ్లకు 50 కన్నా తక్కువున్నా తప్పు కాకపోవచ్చు.

క్రమంగా కొట్టుకుంటూ మధ్యలో ఒకటి జారితే అది ఎక్టోపిక్ కావచ్చు. స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా 150 దాటి, అలాగే టక్కున మామూలు వేగానికి వచ్చేస్తే ఎస్‌వీటీ (గుండె పై భాగంలో పుట్టే అతివేగపు దడ) అయ్యుండొచ్చు. ఏ రెండు దెబ్బల మధ్యా ఎడం ఒకేలా లేకపోతే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను (గుండె పై గదులు లయ లేకుండా అదరడాన్ని) అనుమానించాలి. అసలు జాగ్రత్త పడాల్సింది దీని దగ్గరే. గుండె పై గదులు సరిగా ముడుచుకోక రక్తం నిలిచి గడ్డకట్టొచ్చు, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఏ బాధా లేకుండానే ఇది ఉండొచ్చు.

ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి తోడైనా వెంటనే అంబులెన్స్ పిలవాలి, బండి మీరు నడపకూడదు. వ్యాయామం చేస్తుండగా స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా పరీక్ష వాయిదా వేయొద్దు.

దడ ఉన్నప్పుడే తీసిన ఈసీజీకి విలువ ఎక్కువ. తగ్గాక తీస్తే మామూలుగానే రావచ్చు. అందుకే 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని గుండె లయను నమోదు చేసే చిన్న పరికరం), థైరాయిడ్, పొటాషియం, హిమోగ్లోబిన్ పరీక్షలు రాస్తారు. ఎస్‌వీటీకి అబ్లేషన్‌తో (సన్నని గొట్టం గుండెలోకి పంపి, దడ పుట్టించే చోటును నిర్వీర్యం చేసే చికిత్సతో) చాలామందికి శాశ్వతంగా నయమవుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో వయసు, బీపీ, షుగర్, పాత పక్షవాతం లాంటివి లెక్కేసి రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు. ఆస్పిరిన్ దానికి బదులు కాదు. దడ తగ్గిందని ఆ మందు సొంతంగా ఆపకూడదు. అది ఇచ్చింది దడకు కాదు, గడ్డకు.