కరెంటు లెక్క మనమే చూద్దాం – 4వ పాఠం: వాడకపోయినా కట్టాల్సింది ఎంత?

పోయిన పాఠంలో యూనిట్ చార్జీ (వాడిన కరెంటుకి కట్టేది) వేరు, డిమాండ్ చార్జీ (లాగే గరిష్ఠ లోడుకి కట్టేది) వేరు అని చూశాం కదా. ఈసారి డిమాండ్ చార్జీ ఒక్కటే పట్టుకుందాం, ఎందుకంటే పెద్ద వాడకందారులు తమ వాటా కడుతున్నారా, మన మీదకి తోస్తున్నారా అన్నది తేలేది ఇక్కడే.

నా ముందు తాడేపల్లిగూడెం దగ్గర మా మావయ్య నడిపే రైస్ మిల్లు హెచ్‌టీ (హై టెన్షన్, పెద్ద వాడకందారులకిచ్చే కనెక్షన్) బిల్లు ఉంది. సీఎండీ 250 కేవీఏ (కేవీఏ అంటే లోడు కొలత), అంటే ఇంతవరకు లాగుతానని డిస్కంతో, అంటే కరెంటు పంపిణీ సంస్థతో, రాసుకున్న ఒప్పందం. ఆర్‌ఎండీ 60, అంటే ఆ నెల మీటరెక్కిన గరిష్ఠం. వడ్లు లేని నెల, మిల్లు దాదాపు ఖాళీ. రూలేమిటంటే ఆర్‌ఎండీ ఒకటి, సీఎండీలో 80 శాతం ఒకటి, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీదే బిల్లు. 250లో 80 శాతం 200. కేవీఏకి 475 రూపాయల చొప్పున 95,000. వాడిన 60కే బిల్లు వేసుంటే 28,500తో పోయేది.

ఆయన బాధ నాకు తెలుసు. అయినా రూలు తప్పని మాత్రం అనలేను. ఆయన అడిగారనే ట్రాన్స్‌ఫార్మరు, లైను 250కి సరిపడా వేశారు. ఆ ఖర్చు ఆయన కట్టకపోతే ఎక్కడికీ పోదు, మిగతా అందరి బిల్లుల్లోకి చేరుతుంది.

ఇదే లెక్కని అమెరికాలోని ఒహాయోకి పట్టుకెళ్లండి. అక్కడ డేటా సెంటర్లు వేల మెగావాట్లు కావాలని వరసపెట్టి అడిగాయి. అందులో ఎన్ని నిజంగా నిర్మిస్తారో ఎవరికీ తెలియదు, లైన్లు మాత్రం ముందే వేయాలి. 2025 జులైలో అక్కడి కరెంటు ధరలు నియంత్రించే కమిషన్, ఏఈపీ ఒహాయో అనే కరెంటు కంపెనీ పరిధిలో 25 మెగావాట్లు దాటిన కొత్త డేటా సెంటర్లకి ఒక షరతు పెట్టింది: అడిగినదాంట్లో కనీసం 85 శాతానికి, వాడినా వాడకపోయినా, 12 ఏళ్లు కట్టాలి (మొదటి 4 ఏళ్లు లోడు మెల్లగా పెంచుకోవచ్చు). మధ్యలో వదిలేస్తే దానికి వేరే రుసుము. ఆ తర్వాత 30 వేల మెగావాట్లకు పైగా అడిగినది 13 వేలకి దిగింది. సగానికి పైగా ఉత్త మాటలేనన్నమాట!

ఇక్కడ శాతం కన్నా ఏళ్లు ముఖ్యం అంటాను నేను. నడుస్తున్న డేటా సెంటరు పగలూ రాత్రీ లాగుతూనే ఉంటుంది కాబట్టి 85 శాతం దానికి భారం కాదు. అసలు భయమంతా అది రాకపోతే, వచ్చి సగంలో ఆగిపోతే. సబ్‌స్టేషన్ ఖర్చు దశాబ్దాల పాటు వసూలవుతూ ఉంటుంది, ఒప్పందం రెండు మూడేళ్లకే ముగిస్తే ఎలా? విశాఖకి గిగావాట్ స్థాయి డేటా సెంటరు వస్తోందని 2025 అక్టోబరులో ప్రకటించారు కదా, టారిఫ్ (కరెంటు ధరలు) మీద ఈఆర్‌సీ, అంటే మన విద్యుత్ నియంత్రణ మండలి, బహిరంగ విచారణలో అభ్యంతరం రాసేటప్పుడు ఈ ప్రశ్నే ముందు పెట్టండి: ఒప్పందం ఎన్నేళ్లకి, వదిలేస్తే ఎంత కడతారు?

అభ్యాసం: ఒక కంపెనీ 400 మెగావాట్లు అడిగి 150 వాడింది. 80 శాతం రూలుతో ఎంతకి బిల్లు వేయాలి, 85తో ఎంతకి? కనీసం అన్నదే లేకపోతే మిగిలిన 250 మెగావాట్ల లైన్ల ఖర్చు మీ ఊళ్లో ఎవరెవరి బిల్లుల్లోకి చేరుతుందో పేరుపేరునా రాసుకుని ఉంచండి, 5వ పాఠంలో అక్కడి నుంచే మొదలుపెడదాం.