మోకాలి ఎక్స్‌రే నార్మల్, కుంటు మాత్రం తగ్గదు: తుంటి ఏవీఎన్ సమస్య - పరిష్కారం

ఏవీఎన్ (అవాస్క్యులర్ నెక్రోసిస్) అంటే రక్తం అందక ఎముక చచ్చిపోవడం.

లక్షణం: మోకాలి నొప్పి. మోకాలి ఫిల్ములో ఏమీ లేదు.

ముప్పై, నలభై ఏళ్ల మనిషి. మోకాలు వాచలేదు, నొక్కినా నొప్పి లేదు, అయినా కుంటుతున్నాడు. ఇక్కడ మామూలుగా జరిగేది ఏమిటంటే, జెల్ మారుస్తారు, నీ క్యాప్ కొనిపిస్తారు, చివరికి మోకాలికే ఎమ్మారై రాస్తారు. తుంటి కదిపి చూసినవాళ్లు ఉండరు. తుంటికీ మోకాలికీ వెళ్లే నరాల్లో కొన్ని ఒకటే. అందుకే పైన కీలు పాడైతే నొప్పి కింద తెలుస్తుంది.

చూడటానికి ఒక మంచం చాలు. వెల్లకిలా పడుకోబెట్టి, తుంటినీ మోకాలినీ మడిచి, మోకాలు పక్కకు జరగకుండా పట్టుకుని పాదాన్ని మెల్లగా బయటివైపుకు తిప్పండి. అప్పుడు తుంటి కీలు లోపలికి తిరుగుతుంది. రెండో కాలికన్నా తక్కువ తిరిగినా, గజ్జలో చురుక్కుమన్నా ముందు చూడాల్సింది తుంటినే. బాసింపట్టు వేసుకోలేకపోవడం, బండెక్కేటప్పుడు కాలు ఎత్తి అవతల వేయలేకపోవడం కూడా గుర్తులే. డిస్క్ అనుకుని నడుముకు బెల్టు పెట్టుకుని తిరిగేవాళ్లూ ఒకసారి ఇది చేయించుకోండి. కింద పడి కాలు ఆనించలేనివాళ్లకు మాత్రం కాలు తిప్పొద్దు, నేరుగా ఎక్స్‌రేకి పంపండి.

లక్షణం: గజ్జలో నొప్పి. తుంటి ఎక్స్‌రే కూడా నార్మల్.

తొలిదశలో అలాగే ఉంటుంది. తొడ ఎముక పైన బంతిలా ఉండే భాగానికి రక్తం అందక లోపల ఎముక చచ్చిపోతున్నా, పైకి ఆకారం చెడలేదు. ఎక్స్‌రేకి ప్రధానంగా కనిపించేది ఆకారమే. ఎమ్మారై కావాలి, అదీ రెండు తుంటులకూ. దెబ్బ వల్ల కాకుండా వచ్చిన ఏవీఎన్ చాలామందిలో రెండు వైపులా ఉంటుంది. నొప్పి లేని వైపు తొలిదశలోనే దొరికితే, ఈ జబ్బులో అంతకన్నా అదృష్టం లేదు.

లక్షణం: ఏవీఎన్ అని తేలింది. దెబ్బ తగల్లేదు, తాగుడూ లేదు.

అసలు తంటా ఇక్కడ. దెబ్బా తాగుడూ కాకపోతే ముందు అనుమానించాల్సింది స్టెరాయిడ్లనే. “స్టెరాయిడ్స్ వాడారా?” అని అడిగితే “లేదండీ” అంటారు. అబద్ధం కాదు, ఆ పేరు చెప్పి వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. ప్రశ్న మార్చి అడగాలి. నొప్పులకు పొట్లాల మందు తిన్నారా? ఒళ్లు రావడానికి మాత్రలు వేసుకున్నారా? ఆయాసానికో దురదలకో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు చేయించుకున్నారా? కోవిడ్‌లో ఆస్పత్రిలో ఉన్నారా? అప్పుడు ఒక్కొక్కటీ బయటికొస్తాయి.

ఒకావిడ సంచిలోంచి న్యూస్‌పేపర్ పొట్లం తీసి విప్పింది. లేత పసుపు పొడి, అందులో స్ట్రిప్పు లేని చిన్న తెల్ల బిళ్లలు. “చెట్ల మందే సార్, వేసుకున్న రాత్రికే నొప్పి పోయేది.” రాత్రికే పోయేది అంటే నాకు అనుమానం అక్కడే. ఏళ్ల తరబడి ఉన్న కీళ్లనొప్పిని ఒక్క రాత్రిలో మాయం చేసే ఆకు నేనైతే చూడలేదు. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లు చేస్తాయి. ఆపిన రెండు రోజులకే నొప్పి తిరగబడిందా, ఆకలి విపరీతమైందా, షుగర్ కొత్తగా వచ్చిందా అని కూడా అడగండి. పాత ఆధార్ ఫోటో పక్కన పెట్టి మొహం చూడండి. చేతులు కాళ్లు సన్నగానే ఉండి మొహం మాత్రం గుండ్రంగా ఉబ్బితే అది ఒళ్లు రావడం కాదు.

ఇది దొరక్కుండా పోవడానికి ఇంకో కారణం, మధ్యలో గడిచే కాలం. స్టెరాయిడ్ వాడే రోజుల్లో తుంటి నొప్పి చాలామందికి రాదు. ఆపేసిన ఆర్నెల్లకో, ఏడాదికో, ఒక్కోసారి రెండు మూడేళ్లకో మొదలవుతుంది. అప్పటికి ఆ మందు సంగతే మర్చిపోయి ఉంటారు. పైగా తుంటి నొప్పికి మళ్లీ అక్కడికే పోయి అదే పొట్లం తెచ్చుకుంటారు. ఒక వైపు ఆపరేషన్ చేసి పంపితే, ఇంట్లో మిగిలిన పొట్లాలు రెండో తుంటి పని పడుతుంటాయి.

అలాగని ఇది చదివి ఈ రాత్రే అన్నీ పారేయకండి. చాలా రోజులు స్టెరాయిడ్ లోపలికి పోయాక ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ (కార్టిసాల్) తగ్గిపోతుంది. ఒక్కసారిగా ఆపితే వాంతులు, బీపీ పడిపోవడం, కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. పొట్లం, స్ట్రిప్పు, చీటీ ఏదుంటే అది తెచ్చి డాక్టరుకు చూపించండి. ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ రక్తపరీక్ష చేస్తే ఎంత అణిగిందో అంచనా వస్తుంది, దాన్నిబట్టి మెల్లగా తగ్గిస్తారు. లూపస్‌కో (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిని దెబ్బతీసే జబ్బు), కిడ్నీ మార్పిడికో డాక్టరు రాసిన స్టెరాయిడ్ సొంతంగా ఆపడం అసలే వద్దు. ఆస్తమాకు మామూలు మోతాదులో పీల్చే ఇన్‌హేలర్‌ని చూసి టెన్షన్ పడక్కర్లేదు, ఆ భయంతో అది మానేస్తే ఆయాసమే ముంచుతుంది.

తాగేవాళ్ల సంగతి ఒక్క ముక్క. కారణం అదే అయితే మానకుండా ఏ చికిత్స గురించి మాట్లాడినా దండగ.

లక్షణం: ఒకరు డ్రిల్లింగ్ అంటారు, ఒకరు మార్పిడి అంటారు.

స్టేజ్ ఏమిటో అడగండి. బంతి కుంగిందా, లేదా? తేడా అంతా అక్కడే.

కుంగకపోతే కోర్ డీకంప్రెషన్, డ్రిల్లింగ్ అనేది దీన్నే. తొడ ఎముక పైభాగం పక్కనుంచి చచ్చిన భాగం దాకా రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తారు. కొందరు ఎముక గ్రాఫ్ట్, మూలుగ నుంచి తీసిన కణాలు కూడా నింపుతారు. తర్వాత కొన్ని వారాలు కర్రల సాయంతో నడవాలి. దెబ్బతిన్న భాగం చిన్నదైతే ఆశ ఎక్కువ. బరువు మోసే చోట పెద్దదైతే ఇది చేసినా కుంగవచ్చు, ఆ మాట ముందే చెప్పించుకోండి. ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే అలెండ్రోనేట్ మాత్రల మీద అధ్యయనాలు ఒకే మాట చెప్పలేదు, వాటినే నమ్ముకుని కూర్చోకండి. కాల్షియం దీనికి మందు కాదు.

ఎక్స్‌రేలో నెలవంక లాంటి నల్ల గీత కనిపించిందంటే పైపెంకు కింద ఎముక విరిగినట్టు. బంతి కుంగాక డ్రిల్లింగ్‌కి ఖర్చు పెట్టడం వృథా. ‘ఆపరేషన్ లేకుండా స్టెమ్ సెల్స్‌తో నయం’ అన్న ప్రకటనలు కుంగిన బంతిని గుండ్రం చేయలేవు. అక్కడ పనికొచ్చేది తుంటి మార్పిడి. అయితే స్టేజ్ చూసి కాదు, నొప్పి చూసి డేట్ పెట్టుకోండి. నిద్ర పడుతూ, పని సాగుతుంటే ఆగవచ్చు.

ఎన్నాళ్లు వస్తుందని అందరూ అడుగుతారు. వివిధ దేశాల రిజిస్ట్రీల లెక్కలతో 2019లో వచ్చిన విశ్లేషణ ప్రకారం 25 ఏళ్లకు నూటికి దాదాపు 58 తుంటి మార్పిడులు నిలిచాయి. అందులో ఎక్కువమంది కీళ్లరిగిన పెద్దవయసు వాళ్లు. ముప్పై ఏళ్లకు చేయించుకునేవాళ్లు జీవితంలో రెండోసారి కూడా చేయించుకోవాల్సి రావచ్చని లెక్కలో ఉంచుకోవాలి. పొలం పని, నేల మీద కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్ సంగతులు ఆపరేషన్‌కు ముందే సర్జన్‌తో మాట్లాడండి. ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం కింద వస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆ పథకం డెస్కులో అడగండి.

మిగతా కారణాలు

తొడ ఎముక మెడ విరిగి స్క్రూలు వేయించుకున్నవాళ్లకు ఏడాది, రెండేళ్ల తర్వాత గజ్జ నొప్పి వస్తే అనుమానించండి. పాడేరు, అరకు, ఉట్నూరు వైపు నుంచి వచ్చిన కుర్రవాళ్లకు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా మారే వంశపారంపర్య జబ్బు) పరీక్ష తప్పనిసరి. అరుదైన వంశపారంపర్య గౌషర్ జబ్బు, సముద్రంలో లోతుకు దిగే డైవర్లకు వచ్చేది పుస్తకాల్లో ఉంటాయి, మీది అది కాకపోవచ్చు.

మత్తు డాక్టరు చూసే రోజున ఆ పొట్లాల సంగతి ఆయనకూ చెప్పండి. ఒంట్లో స్టెరాయిడ్ తయారీ అణిగి ఉంటే ఆపరేషన్ టైమ్‌లో బీపీ పడిపోవచ్చు. ముందే తెలిస్తే దానికి తగ్గ ఇంజెక్షన్ సిద్ధంగా ఉంచుకుంటారు.