సెనోటేలో ఫ్రీడైవింగ్ ఫోటోలు: ఏది చెడితే ఏం చేయాలి

మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పంలో సున్నపురాయి కప్పు కూలి, కింది నీళ్ళు బయటపడ్డ గుండాలే సెనోటేలు. నీళ్ళు అద్దంలా తేటగా, ఏడాది పొడవునా 25 డిగ్రీల దగ్గర ఉంటాయి. అంత మంచి నీళ్ళలోనూ ఫోటోలు చెడుతున్నాయంటే తప్పు చాలాసార్లు కెమెరాది కాదు. నీటి తీరు తెలియకపోవడమో, ఊపిరి లెక్క తప్పడమో కారణం. గాలి సిలిండర్ లేకుండా ఒక్క ఊపిరితో దిగే ఫ్రీడైవర్‌కి ఫోటో తీసుకునే లోతులో దొరికేది ఏ అర నిమిషమో. అందుకే సర్దేదంతా గట్టు మీదే సర్దుకోవాలి.

పైన స్పష్టంగా ఉన్న మనిషి, కాస్త దిగగానే నూనె పూసినట్టు మసకబారుతున్నాడు

ఇది హాలోక్లైన్ పని, అంటే మంచినీరు ఉప్పునీరు కలిసే హద్దు. పైన మంచినీరు, దాని కింద సముద్రం నుంచి చొచ్చుకొచ్చిన ఉప్పునీరు. రెండూ వెలుగును వేర్వేరుగా వంచుతాయి. తీరానికి దగ్గర సెనోటేల్లో ఈ హద్దు సుమారు 10-15 మీటర్ల లోతున ఉంటుంది, తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ ఇంకా కిందికి జారుతుంది. కదలకుండా ఉంటే పలచటి గాజు పలకలా కనిపిస్తుంది. కాలికి తొడిగిన ఫిన్ (ఈత రెక్క) ఒక్కసారి ఆడిందంటే, గ్లాసు నీళ్ళలో పటికబెల్లం కరిగేటప్పుడు తేలే తీగల్లాంటి చారలు చుట్టూ పరుచుకుంటాయి. ఆటోఫోకస్‌కి పట్టుకోడానికి అంచు దొరకదు. ఎడిటింగ్‌లోనూ ఇది పోదు.

కెమెరా, మోడల్ ఇద్దరూ హద్దుకు ఒకే వైపు ఉండాలి. పైనే ఉంటే మేలు. హద్దు దాటక తప్పకపోతే మోడల్ ముందు, మీరు పక్కనుంచి దిగండి. ఆమె వెనకాలే దిగితే ఆమె కలిపిన నీళ్ళలోంచే చూడాల్సి వస్తుంది. చెదిరిన పొర తేరుకునేదాకా ఆగండి.

తులుమ్ పట్టణం దగ్గరి అంగెలీతా సెనోటేలో సుమారు 30 మీటర్ల లోతున కనిపించే తెల్లటి మబ్బు వేరే సంగతి. అది హైడ్రోజన్ సల్ఫైడ్ పొర. దానిలోకి దూరితే చెయ్యి కూడా కనబడదు. మోడల్‌ని దానికి పైనే ఉంచండి.

డోమ్ పోర్ట్ లోపల ఆవిరి పట్టింది

డోమ్ పోర్ట్ అంటే లెన్స్ ముందుండే గుండ్రటి గాజు. బయటి ఉక్కపోత గాలి హౌసింగ్‌లో (కెమెరాకి తొడిగే నీరు చొరని పెట్టెలో) చిక్కుకుంది. చల్లటి నీళ్ళు తగలగానే ఆ తేమ గాజుకు పట్టేసింది. ఏసీ గదిలోనే హౌసింగ్ మూసి, లోపల కొత్త సిలికా జెల్ పొట్లాలు రెండు పెట్టండి. దిగేదాకా నీడలో, తడి తువ్వాలు కప్పి ఉంచండి. గట్టు మీద తెరిచి మూస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

కాంతి కిరణాలు తెల్లగా పేలిపోయాయి, లేదా అసలు పడలేదు

కెమెరా చీకటి గోడల్ని చూసి ఫోటోను అనవసరంగా వెలిగిస్తోంది. మాన్యువల్‌కి మార్చండి: 1/160 సెకను, ఎఫ్5.6, ఐఎస్ఓ 1600 దగ్గర మొదలుపెట్టి, కిరణం మీద తెలుపు పేలకుండా తగ్గించుకోండి. మనిషి నల్లటి నీడగా మిగిలినా పరవాలేదు, ఆ నీడే ఫోటోకి అందం. ఫ్లాష్ ఆపేయండి. అది కిరణాన్ని మింగేసి నలుసుల్ని వెలిగిస్తుంది.

కిరణాలే రాకపోతే గడియారం చూసుకోండి. తులుమ్ వైపు సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండుకు కాదు, ఒంటిగంటకు కాస్త ముందు. మెరిదా నగరం వైపు టైమ్ జోన్ వేరు, అక్కడ దాదాపు పన్నెండుకే. మే, జూలై నెలల మూడో వారం తర్వాత కిరణాలు దాదాపు నిట్టనిలువుగా దిగుతాయి.

నీళ్ళలో తెల్ల చుక్కలు

మనం బుడగలు వదలం కాబట్టి కప్పు మీది మట్టి రాలదు. సిలిండర్లతో దిగే స్కూబా వాళ్ళ బుడగలు రాలుస్తాయి, వాళ్ళకు దూరంగా ఉండండి. అడుగున ఫిన్ తగలనివ్వకండి.

సముద్రంలో సరిపోయిన బరువుల బెల్టుతోనే ఇక్కడ మునిగిపోతున్నారు

మంచినీరు తక్కువగా తేలుస్తుంది, తేడా సుమారు 2.5 శాతం. సూటు, సామానుతో కలిపి 80 కిలోలుంటే బెల్టులోంచి 2 కిలోలు తీసేయండి. హౌసింగ్ కూడా బరువెక్కుతుంది, దాన్ని తేలేలా చేసే ఫ్లోట్ ఆర్మ్ తగిలించండి.

కెమెరా పట్టుకుని దిగితే చెవులు తెరుచుకోవడం లేదు

లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడికి సరిపడా ముక్కు నొక్కి చెవుల్లోకి గాలి ఊదాలి. రెండు చేతులూ హౌసింగ్ మీదే ఉంటే ముక్కు నొక్కే చెయ్యి లేదు. పైగా ఫ్రేమ్ కోసం తలెత్తి చూస్తుంటే మెడ సాగి, చెవులు తెరుచుకోవడం మరీ కష్టమవుతుంది. బలవంతంగా ఊదితే కర్ణభేరికి ప్రమాదం. కెమెరాని బోయ్ (నీటిపై తేలే బుడగ) నుంచి దిగిన తాడుకి 8 మీటర్ల దగ్గర బోల్ట్ స్నాప్ (లోహపు కొక్కెం)తో వేలాడదీసి, ఖాళీ చేతులతో, గడ్డం లోపలికి పెట్టుకుని దిగండి. అక్కడ అందుకుని తీయండి, మళ్ళీ అక్కడే తగిలించి పైకి రండి. నొప్పి వస్తే ఆ డైవ్ అంతటితో ఆపేయాలి.

ఇంకొక్క ఫ్రేమ్ అంటూ కింద ఆలస్యమవుతోంది

వ్యూఫైండర్‌లో కన్ను పెడితే ఊపిరి లెక్క మరచిపోతాం. ఇద్దరే ఉన్నప్పుడు ఫోటో తీయకండి. మోడల్ మీకు కాపలా కాలేదు, మీరు ఆమెకు కాలేరు. కెమెరా లేని మూడో మనిషి పైనుంచి చూస్తూ, ఇద్దరూ పైకి వచ్చేటప్పుడు ఎదురు దిగి కలవాలి. వాచ్‌లో 45 సెకన్లకు అలారం పెట్టుకోండి, మోగగానే ఫ్రేమ్ మధ్యలో ఉన్నా తిరగండి. డైవ్ ఎంతసేపు సాగిందో పైన దానికి కనీసం రెండింతలసేపు ఊపిరి తీసుకోండి. కప్పున్న గుహ వైపు మాత్రం ఒక్క మీటరు కూడా పోకండి.