కొత్త రైఫిల్‌ని సీజన్‌కి ముందే అనుమానించండి

టెక్సాస్‌లో జింకలని రైఫిల్‌తో వేటాడే సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. కొత్తగా రైఫిల్ కొన్న మన తెలుగువాళ్లలో చాలామంది అక్టోబర్ ఆఖరున డబ్బా తెరిచి, రేంజ్‌లో నాలుగు తూటాలు కాల్చి, గురి కుదిరితే చాలనుకుంటారు. లోపం అప్పుడు బయటపడితే ఆ ఏడాదికి వేట లేనట్టే. కంపెనీకి పంపితే వారాలు పడుతుంది, పైగా ఆ నెలల్లోనే వాళ్లకి రద్దీ. అదే ఆగస్టులో చూసుకుంటే టెన్షన్ ఉండదు.

"కొత్తది కదా, ఫ్యాక్టరీలో చూసే పంపుంటారు" అన్న ధీమా పెట్టుకోకండి. అమెరికాలో లోపమున్న టోస్టర్‌ని వెనక్కి రప్పించే అధికారం ఉన్న ప్రభుత్వ సంస్థకి తుపాకుల మీద ఆ అధికారం లేదు. 1972 నాటి వినియోగ వస్తువుల భద్రతా చట్టం తుపాకుల్ని తన పరిధిలోంచి తప్పించింది. కాబట్టి రీకాల్ ప్రకటించాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. ప్రకటించినా మీ ఇంటికి ఉత్తరం వస్తుందన్న నమ్మకం లేదు. సీరియల్ నంబర్ పట్టుకుని కంపెనీ సైట్‌లో మీరే వెతుక్కోవాలి.

రెమింగ్టన్ మోడల్ 700 కథ ప్రతి కొత్త వేటగాడూ తెలుసుకోవాలి. 2014 ఏప్రిల్‌లో ఆ కంపెనీ ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్న రైఫిళ్లని వెనక్కి పిలిచింది. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ దాకా తయారైనవన్నీ అందులోకి వచ్చాయి. కారణం చూస్తే చిన్నదే: బిగించేటప్పుడు కొన్నిటికి జిగురు ఎక్కువ పడింది. దానివల్ల ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం వచ్చింది. అంతకుముందు వాడిన పాత ట్రిగ్గర్ మీద ఇంకా పెద్ద గొడవ ఉంది. 2000లో మోంటానాలో ఒక తల్లి వేట ముగించుకుని రైఫిల్ ఖాళీ చేద్దామని సేఫ్టీ (ట్రిగ్గర్‌ని పనిచేయకుండా ఆపే మీట) తీసింది, అంతే, రైఫిల్ పేలింది. తూటా గుర్రాల ట్రెయిలర్‌ని చీల్చుకుని అవతల ఉన్న తొమ్మిదేళ్ల కొడుకుని బలి తీసుకుంది. ఆ రోజుల మోడల్‌లో సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ (గొట్టాన్ని వెనకనుంచి మూసే కడ్డీ) తెరుచుకోదు, ఖాళీ చేయాలంటే సేఫ్టీ తీయక తప్పదు. ట్రిగ్గర్‌లో లోపం లేదనే కంపెనీ వాదిస్తూ వచ్చింది, చివరికి ట్రిగ్గర్లు ఉచితంగా మార్చే ఒప్పందానికి దిగింది.

ఇందులో పట్టుకోవలసింది ఒకటుంది. సేఫ్టీ కూడా ఫ్యాక్టరీలో తయారైన ముక్కే, దానిలోనూ లోపం ఉండొచ్చు. గొట్టం మూతి ఎటు ఉందన్నది మాత్రం పూర్తిగా మీ చేతిలో పని. రైఫిల్ దానంతటదే పేలినా, మూతి ఉన్న దిక్కున మనిషి లేకపోతే ఆ తూటాకి ప్రాణం పోదు.

ఇంట్లో చేసే పరీక్షలకి ముందు తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. బోల్ట్ తెరిచి చాంబర్‌ని (తూటా కూర్చునే చోటుని) కళ్లతో చూడండి, చిటికెన వేలు పెట్టి కూడా చూడండి. బోల్ట్ తీసేసి గొట్టంలోంచి వెలుతురు చూడండి. కొత్త గొట్టాల్లో తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, అది తుడవకుండా కాల్చకూడదు. ఆ తర్వాత ట్రిగ్గర్. ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ నొక్కొచ్చని మాన్యువల్ చెబితేనే ఇది చేయండి, మందు లేని డమ్మీ తూటాలు ఉంటే మరీ మంచిది. మూతి సురక్షితమైన వైపు ఉంచి, బోల్ట్ మూసి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి. ఏమీ జరగకూడదు. ఇప్పుడు ట్రిగ్గర్ ముట్టకుండా సేఫ్టీ తీయండి. అసలు పరీక్ష ఇదే: ఆ క్షణంలో టక్‌మని చప్పుడొస్తే ఆ రైఫిల్‌లో ఇక తూటా పెట్టొద్దు. రాకపోతే మళ్లీ మళ్లీ చేయండి, ఎందుకంటే ఇలాంటి లోపం ప్రతిసారీ కనిపించదు. తర్వాత సేఫ్టీ తీసి ఉంచి బోల్ట్‌ని విసురుగా మూయండి. రబ్బరు సుత్తితో రైఫిల్ మడమ (భుజానికి ఆనించే వెనక భాగం) మీద ఓ మోస్తరుగా తట్టండి. దేనికీ ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టి పేల్చే సూది) కదలకూడదు.

రేంజ్‌లో మొదటిసారి మ్యాగజైన్ (తూటాల అర) నింపకండి, ఒక్కో తూటానే పెట్టి కాల్చండి. తూటా అడుగున ఉన్న పేరూ, గొట్టం మీద చెక్కిన పేరూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. .300 బ్లాకౌట్ తూటాని .223 చాంబర్‌లో పెట్టి రైఫిళ్లని బద్దలు చేసుకున్నవాళ్లున్నారు, అది తయారీ లోపం కాదు. కాల్చాక మిగిలే ఖాళీ కేసుల్ని (తూటా లోహపు తొడుగుల్ని) పారేయకండి. అడుగు భాగం దగ్గర మెరిసే గీత, ఉబ్బు, చీలిక, నొక్కుకుపోయిన ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే చిన్న బిళ్ల) కనిపిస్తే ఆపేసి గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసే నిపుణుడికి) చూపించండి. ఆయన గేజ్ పెట్టి చాంబర్ కొలత సరిగ్గా ఉందో లేదో చెబుతాడు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే కనీసం 30 సెకన్లు మూతిని లక్ష్యం వైపే ఉంచి, ఆ తర్వాతే బోల్ట్ తెరవండి. పేలుడు బదులు నీరసంగా 'టుప్' మంటే తూటా గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. రెండోది కాల్చారంటే గొట్టం పగలొచ్చు. గురి కుదరడం లేదన్న ఫిర్యాదుకి మాత్రం ముందు స్కోప్ (గురి చూసే దుర్భిణి) స్క్రూలు చూసుకోండి, చాలాసార్లు నేరం వాటిదే.

లోపం నిజమేనని తేలితే ఖాళీ చేసి, బోల్ట్ తీసి, "వాడొద్దు" అని చీటీ కట్టి తాళం వేయండి. స్నేహితులకి చూపించడానికి మళ్లీ పేల్చి చూడటం వద్దు. వీడియో చూసి ట్రిగ్గర్ స్క్రూలు తిప్పడం అంతకంటే వద్దు: వారంటీ పోతుంది, తప్పు ఎవరిదన్న ప్రశ్నకి జవాబూ పోతుంది. ఇండియాలో మన ఊళ్లలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట ఆగిపోయింది కాబట్టి పక్కన కూర్చోబెట్టి నేర్పే పెద్దలు మనకి లేరు. ఆ లోటు యూట్యూబ్‌తో తీరదు.

కొన్న షాపు వెనక్కి తీసుకుంటుందని ఆశపడకండి, చేతులు మారిన తుపాకిని చాలా షాపులు తిరిగి తీసుకోవు. కంపెనీకే రాయండి. సీరియల్ నంబర్, రసీదు ఫోటో, వాడిన తూటా పేరు, ఏ పని చేస్తున్నప్పుడు ఏం జరిగిందో నాలుగు వాక్యాలు. ఫోన్‌లో చెప్పిందాన్ని కూడా ఈమెయిల్‌లో పెట్టండి. రిపేరు కోసం తయారీ కంపెనీకి సొంతదారు నేరుగా పంపడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది, బాగు చేసిందైనా, అదే రకం కొత్తదైనా వాళ్లు నేరుగా మీ ఇంటికే పంపొచ్చు. షిప్పింగ్ లేబుల్ కంపెనీనే పంపమని అడగండి. స్కోప్ తీసేయండి, బోల్ట్ మాత్రం పెట్టెలో ఉండాలి, తూటా ఒక్కటి కూడా ఉండకూడదు.

హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. మీకు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం కింద నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు ముగియని వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు. టెక్సాస్ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. జులైలో రిపేరుకి పంపిన రైఫిల్ సెప్టెంబర్‌లో ఇంటికి చేరి, మీరు ఇంకా కొత్త లైసెన్స్ కొనకపోతే, పెట్టె అందుకోవడమే తంటా తెస్తుంది. ఆగస్టు మధ్యలోనే కొత్తవి అమ్మకానికొస్తాయి, అప్పుడే కొనండి. ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే అడవి పందుల వేటకి 2019 నుంచి టెక్సాస్ లైసెన్స్ అడగడం లేదు, నిజమే. అది రాష్ట్రం ఇచ్చిన సడలింపు, ఫెడరల్ చట్టానికి దాంతో పని లేదు.

బాగై వచ్చిన రైఫిల్‌ని కూడా కొత్తదానిలాగే చూడాలి: ఏం మార్చారో రాసిన కాగితం చదివి, ఇంటి పరీక్షలన్నీ మళ్లీ చేసి, స్కోప్ బిగించి మొదటినుంచి గురి సరిచూసుకోవాలి. నవంబర్ దాకా రాకపోతే స్నేహితుడి రైఫిల్ అడగండి, దానితో ముందు రేంజ్‌కి వెళ్లిరండి. అరువు తెచ్చుకున్నదైనా వీసా మీదున్నవాళ్లకి లైసెన్స్ షరతు అలాగే ఉంటుంది.