మామిడి గుజ్జు అట్టపెట్టెతో లిబరేటర్ బాంబర్

స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ మా మనవడికి, టెన్షన్ నాకు. ఈసారి యుద్ధవిమానం కావాలన్నాడు. అయితే రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా బాంబర్ లిబరేటరే చేద్దాం అన్నాను. మా నాయన బెంగళూరులో విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్‌లో ఫిట్టరు. ఆ యుద్ధం అయ్యాక కాన్పూరులో పాడుచేసి వదిలేసిన లిబరేటర్లను ఆ కంపెనీవాళ్లే బాగుచేసి బెంగళూరుకు ఎగరేసుకొచ్చారు. 1948 నుంచి 1968 దాకా అవి మన వైమానిక దళంలో పనిచేశాయి.

కొలతలకు నూరో వంతు పెట్టుకోండి. మీటరుకు ఒక సెంటీమీటరు, లెక్క సులువు.

ముందు రెక్క. మామిడి గుజ్జు డబ్బాలొచ్చే అట్టపెట్టె చాలు. పొడవు 33.5 సెంటీమీటర్లు, వెడల్పు మధ్యలో 4.3, కొనల దగ్గర 1.5. ఇంత సన్నగానా అని మీ చెయ్యి ఆగుతుంది. ఆగనివ్వకండి, లిబరేటర్ అంటే ఆ రెక్కే. డేవిస్ అనే ఆయన గీసిన ఆకారం అది. ఆ సన్నటి రెక్క వల్లే తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం పోయి, అట్లాంటిక్ నడిమధ్యలో కూడా జలాంతర్గాములను వేటాడింది. కాకపోతే దెబ్బ తగిలితే త్వరగా విరిగేది. అట్టను కొంచెం తడిపి అప్పడాల కర్ర మీద వంచితే పైభాగం ఉబ్బుతుంది.

ఒళ్లు థర్మాకోల్‌తో చేయండి: పొడవు 20.5, ఎత్తు 3.2, వెడల్పు 2.3 సెంటీమీటర్లు. రెక్కను వీపు దగ్గర అతికించాలి, పొట్ట కింద కాదు. పొట్టంతా బాంబులకు కావాలి మరి. స్ప్రే పెయింట్ జోలికి మాత్రం పోకండి. నా మొదటి విమానం ముక్కు కళ్లముందే కరిగిపోయింది. వంటింటి ఫాయిల్‌ను మెరవని వైపు బయటికి పెట్టి ఫెవికాల్‌తో అతికిస్తే అచ్చం అల్యూమినియం రేకే.

నాకు బాగా ఇష్టమైన పని బాంబు తలుపులు. లిబరేటర్ తలుపులు కిందికి వేలాడవు. కొట్టు షట్టర్‌లా ఒంటి పక్కల మీదుగా పైకి జరుగుతాయి, గాలికి అడ్డం రావు. అట్ట పై పొర తడిపి ఒలిస్తే లోపల గీతలు గీతలుగా ముడతల కాగితం ఉంటుంది. అదే షట్టరు! గీతలు విమానం పొడవునా ఉండేలా, సగం పైకెత్తినట్టు అతికించండి. లోపల పొట్ట తొలిచి, నడిమధ్యన ముక్కు వైపు నుంచి తోక వైపుకు ఒక అగ్గిపుల్ల పెట్టండి. సిబ్బంది నడిచే దారి అదే, అసలు విమానంలో దాని వెడల్పు సుమారు 23 సెంటీమీటర్లు. నూరో వంతులో సరిగ్గా అగ్గిపుల్ల. ఆకాశంలో తలుపులు తెరిచి ఉండగా దాని మీద నడవాలి. మా వాడు ఆ పుల్లను చాలాసేపు చూశాడు.

తోకకు అడ్డంగా 8 సెంటీమీటర్ల పట్టీ, రెండు కొనలకూ కోడిగుడ్డు ఆకారంలో నిలువు రెక్కలు. నాలుగు ఇంజన్లకు చార్టు చుట్టిన గొట్టాలు. మన వైమానిక దళం గుండ్రటి గుర్తులో కాషాయం బయట, పచ్చ లోపల. మా వాడు తిరగేసి వేశాడు, పీకించాను.

చక్రాలు పెట్టగానే విమానం తోక మీద కూలబడుతుంది. ముక్కులో వాషర్లు దూర్చండి. మాది మూడు వాషర్లకు నిలబడింది.

స్కూటర్ మీద తీసుకెళ్లేటప్పుడు డబ్బాలో పెట్టండి. కట్టమంచి చెరువు దగ్గర మాది వాడి చేతిలోంచి జారింది. పడలేదు, పది గజాలు ఎగిరింది.