కారు బయలుదేరే ముందు, దారిలో ఆగినప్పుడు

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో సొంత కారు నడిపేవారి ప్రయాణాలు ముఖ్యంగా మూడు రకాల దారుల మీద సాగుతాయి. ఆనందపురం నుంచి నాతవలస, రణస్థలం, నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం దాకా పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఒకటి. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా వెళ్ళి, ఘాట్ ఎక్కి ఒడిశాలోని సుంకి వైపు పోయే 26వ నంబరు రహదారి రెండోది. ఈ రెండింటి నుంచి ఊళ్ళలోకి చీలిపోయే పల్లెదారులు మూడోవి. మొదటిదాని మీద వేగం, రెండోదాని మీద వాలు, మూడోవాటి మీద గెడ్డల (వాగుల) నీరు, పంట నూర్పిళ్ళు బండిని ఇబ్బంది పెడతాయి. కారణం ఏదైనా, బండి ఆగిన చోట మనిషి ఎక్కడ నిలబడ్డాడన్నదే బండికి ఏమైందన్నదానికంటే ముందు చూసుకోవలసిన సంగతి. మరమ్మతు తెలియనివారు కూడా ఈ ఒక్కటి తెలుసుకుని ఉండాలి. మరమ్మతు బాగా తెలిసినవారే దీన్ని తరచు మరిచిపోతారు.

వాకిట్లో చూసుకోవలసినవి

దూరప్రయాణానికి బయలుదేరే రోజు ఉదయం, ఇంజను చల్లగా ఉండగానే, బోనెట్ ఎత్తి పది నిమిషాలు చూసుకుంటే దారిలో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటిని ముందే పసిగట్టవచ్చు. బండి సమతలమైన నేల మీద ఉండాలి. ఆయిల్ డిప్‌స్టిక్ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి తీసినప్పుడు ఆయిల్ మట్టం రెండు గుర్తుల మధ్య కనిపించాలి. కింది గుర్తుకు తగ్గితే ఎంత ప్రమాదమో, పై గుర్తు దాటేలా పోయడమూ అంత తప్పే. ఆయిల్ నల్లబడటం సహజమే కానీ, పాలు కలిసిన కాఫీ రంగులోకి మారితే ఇంజనును చల్లబరిచే కూలెంట్ దానిలో కలుస్తోందని అనుమానించి, ఆ బండిని ప్రయాణానికి తీయకుండా మెకానిక్‌కు చూపించాలి.

కూలెంట్ డబ్బా మీద కూడా రెండు గీతలుంటాయి, మట్టం వాటి మధ్యనే ఉండాలి. నెలకోసారి దానిలో నీళ్ళు పోసి సరిపెట్టుకునే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. తీరప్రాంతపు బోరు నీటిలో ఉప్పు ఎక్కువగా ఉంటుంది కనుక ఆ నీరు రేడియేటర్ లోపల పొలుసు కట్టించి, లోహాన్ని తినేస్తుంది. పదే పదే తగ్గుతున్న కూలెంట్ ఎక్కడో కారుతోందని అర్థం. డబ్బా నింపడంతో ఆ కారడం ఆగదు. బ్రేక్ ఆయిల్ సంగతీ ఇంతే. అది గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం గలది కాబట్టి సుమారు రెండేళ్ళకోసారి మార్పించాలి. తేమ చేరిన ఆయిల్ ఘాట్ దిగేటప్పుడు వేడికి మరిగి బుడగలు కడితే, పెడల్ నేలదాకా పోయినా బ్రేకు పడదు.

టైర్ల గాలి ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన కాగితంలో రాసి ఉంటుంది. చిన్న కార్లలో అది సాధారణంగా 30 నుంచి 33 పిఎస్‌ఐ మధ్య ఉంటుంది. నిండా మనుషులు, సామాను ఉన్నప్పుడు వెనక చక్రాలకు వేరే అంకె ఇచ్చారేమో కూడా అక్కడే చూడాలి. గాలిని టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలిపించాలి, ఎందుకంటే యాభై కిలోమీటర్లు పరుగెత్తిన టైరు చల్లగా ఉన్నప్పటికంటే ఎక్కువ అంకె చూపిస్తుంది. టైరు మీది గాడుల (ట్రెడ్) లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చక తప్పదు. గాడుల అడుగున ఉండే చిన్న దిమ్మలు ట్రెడ్‌తో సమానమైతే ఆ హద్దు వచ్చేసినట్టే. టైరు పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2321 అని ఉంటే అది 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. సంక్రాంతికి హైదరాబాదు నుంచి 700 కిలోమీటర్లకు పైగా నడిపి వచ్చేవారు, మిగతా ఏడాదంతా కారును అపార్ట్‌మెంటు కింద ఉంచినవారైతే, ట్రెడ్ నిండుగా కనిపించినా ఈ ముద్రను తప్పక చూసుకోవాలి. ఆరేళ్ళు దాటిన టైరు పక్కగోడలో సన్నని పగుళ్ళు కనిపిస్తే దాన్ని నమ్ముకుని అంత దూరం రాకూడదు.

స్టెప్నీలో గాలి ఉందో లేదో చూడటం అందరూ మరిచిపోయే పని. నేను మరిచిపోయింది మరొకటి ఉంది. కొన్నేళ్ళ క్రితం నరసన్నపేట దాటాక రాత్రివేళ టైరు పంచరైతే, స్టెప్నీ నిండుగా, జాకీ సిద్ధంగా ఉన్నా, ఒక్క నట్టు కూడా కదల్లేదు. అంతకు వారం ముందు ఒక దుకాణంలో గాలి గన్నుతో వాటిని బిగించారు, నేను చూస్తూ ఊరుకున్నాను. చివరికి ఒక లారీ క్లీనర్ పొడవైన పైపును స్పానర్‌కు తొడిగి వాటిని కదిల్చాడు. అప్పటి నుంచి టైర్ల పని ఏది చేయించినా, ఇంటికి రాగానే బండిలో ఉన్న స్పానర్‌తోనే ప్రతి నట్టునూ ఒకసారి వదులు చేసి మళ్ళీ బిగిస్తున్నాను. అల్లాయ్ చక్రాలకు దొంగలు విప్పలేని ప్రత్యేకమైన నట్టు ఉంటే, దాని తాళం బండిలోనే ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఉద్యోగాల కోసం దూరం వెళ్ళినవారి ఇళ్ళలో నెలల తరబడి కదలని కార్లు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి. వాటిని వారానికోసారి ఎవరైనా ఇరవై నిమిషాలు నడపకపోతే బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు ఒకే వైపు ఒత్తుకుపోతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. కళింగపట్నం, బారువ వంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి కింది భాగం తుప్పు పడుతుంది కనుక పైభాగంతో పాటు అడుగును కూడా మంచినీటితో కడిగించాలి.

దారిలో ఆగినప్పుడు

స్టీరింగ్ ఒక పక్కకు లాగడం, మంట వాసన రావడం, డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలగడం వంటివి ఏవి జరిగినా, ఒక్కసారిగా బ్రేకు తొక్కకుండా ఎడమ ఇండికేటర్ వేసి, వేగం తగ్గించుకుంటూ రోడ్డు అంచు దాటి ఆపాలి. టైరు పేలినప్పుడు స్టీరింగ్‌ను రెండు చేతులతో గట్టిగా, తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీస్తే బండి దానంతటదే నెమ్మదిస్తుంది. వంతెన మీద మాత్రం ఆపకూడదు. మడపాం దగ్గర వంశధార వంతెన మీద పంచరైందనుకుంటే, గాలి పోయిన టైరుతోనే నడక వేగంతో అవతలి ఒడ్డుకు చేరాలి. టైరు, రిమ్ము పాడవుతాయి, నిజమే. కానీ వాటిని డబ్బిచ్చి కొత్తవి కొనుక్కోవచ్చు.

ఆగిన వెంటనే నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, లోపలివారందరినీ ఎడమ తలుపుల గుండా దింపి, ఇనుప రెయిలింగు ఉంటే దాని అవతలికి, లేకపోతే రోడ్డుకు దూరంగా పొలం వైపుకు, బండి వెనక కాకుండా పంపించాలి. ఎండగా ఉందనీ, పిల్లలు నిద్రపోతున్నారనీ ఎవరినీ లోపల కూర్చోబెట్టకూడదు. నిద్రమత్తులో వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు ఆగిన బండి, కదులుతున్న బండి ఒకేలా కనిపిస్తాయి. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు 25 మీటర్లు దాటుతుంది. అందువల్ల ఎర్ర త్రిభుజాన్ని బండికి ఆనించినట్టు పెడితే ప్రయోజనం ఉండదు. దాన్ని ముందుకు పట్టుకుని, ఎదురుగా వచ్చే వాహనాలను చూస్తూ రోడ్డు అంచునే వంద అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచి అక్కడ నిలపాలి. మలుపు ఉంటే మలుపుకు ముందే నిలపాలి. త్రిభుజం లేదని రాళ్ళు, చెట్టుకొమ్మలు రోడ్డు మీద పేర్చడం, పని అయ్యాక వాటిని అక్కడే వదిలి వెళ్ళడం మన దారుల మీద కనిపించే అతి చెడ్డ అలవాటు, రాత్రి వచ్చే మోటారుసైకిలు వాడికి ఆ రాయే యముడవుతుంది.

జాతీయ రహదారి మీద సాయానికి 1033కు, ఎవరికైనా దెబ్బలు తగిలితే 108కి, మరే ఆపద వచ్చినా 112కు ఫోన్ చేయాలి. దగ్గరలోని కిలోమీటరు రాయి మీది అంకెను, ఇచ్ఛాపురం వైపు వెళ్తున్నారా విశాఖ వైపు వెళ్తున్నారా అన్నదాన్ని చెప్పగలిగితే సాయం త్వరగా చేరుతుంది. అర్ధరాత్రి డివైడర్‌కు ఏ వైపు ఉన్నారో తెలియకపోతే వచ్చే బండి చాలా దూరం వెళ్ళి తిరిగి రావలసి ఉంటుంది.

టైరు మార్చడానికి నేల గట్టిగా, సమతలంగా ఉంటేనే పూనుకోవాలి. ట్రాఫిక్ వైపు చక్రం పంచరై, పక్కకు జరపడానికి చోటు లేకపోతే ఆ పని సొంతంగా చేయకుండా సాయం కోసం ఆగడమే వివేకం. హ్యాండ్‌బ్రేకు వేసి, బండిని మొదటి గేరులో పెట్టి, పంచరైన చక్రానికి ఎదురు మూలలో ఉన్న చక్రానికి రెండు వైపులా రాళ్ళో చెక్కలో అడ్డుపెట్టాలి. బండి నేల మీద ఉండగానే నట్లను పావు చుట్టు వదులు చేయాలి, పైకి లేపాక బలంగా తిప్పితే జాకీ పక్కకు ఒరిగిపోతుంది. మట్టి నేలలో జాకీ దిగబడకుండా దాని కింద వేయడానికి ఒక చెక్క పలకను డిక్కీలో ఉంచుకోవడం మంచిది. సాలూరు లారీలలో ఇటువంటి చెక్క లేనిది ఉండదు. తలుపుల కింది అంచున జాకీ కోసం ఉన్న గాటు దగ్గరే ఆనించి లేపాలి. లేపినంతసేపూ స్టెప్నీని బండి కిందికి జరిపి ఉంచితే, జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. చేతులు, తల ఎట్టి పరిస్థితిలోనూ కిందికి పెట్టకూడదు. కొత్త చక్రం ఎక్కించాక నట్లను వరుసగా కాకుండా ఒకదానికి ఎదురుగా ఉన్నదాన్ని మరొకటిగా బిగించి, బండి దించాక మళ్ళీ గట్టిగా బిగించాలి.

ఇంజను వేడెక్కి ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే ఏసీ కట్టేసి, హీటర్‌ను పూర్తిగా తిప్పి, సురక్షితమైన చోటు దొరికేదాకా మెల్లగా పోవాలి. హీటర్ ఇంజను వేడిలో కొంత లోపలికి లాగుతుంది. ఆవిరి కనిపిస్తే మాత్రం వెంటనే ఆపేయాలి. రేడియేటర్ మూత కుక్కరు మూత వంటిది. లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ నీరు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తిప్పిన మరుక్షణం అదంతా ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట ఆగి, చేత్తో తాకితే గోరువెచ్చగా అనిపించాకే మందమైన గుడ్డ వేసి కొద్ది కొద్దిగా తిప్పాలి. అత్యవసరంలో తాగునీరు పోసి దగ్గరలోని షాపుకు చేరవచ్చు.

సెల్ఫ్ కొడితే టక్ టక్ మని చప్పుడు మాత్రమే వస్తే అది చాలావరకు బ్యాటరీ లోపం. టెర్మినల్స్ మీద తెల్లని పొడి పేరుకుందేమో, వదులుగా ఉన్నాయేమో ముందు చూడాలి. మరో బండి బ్యాటరీతో స్టార్ట్ చేసేటప్పుడు ఎర్ర తీగను మొదట చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, తరువాత మంచి బ్యాటరీ ప్లస్‌కు తగిలించాలి. నల్ల తీగను మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొసను చచ్చిన బ్యాటరీకి కాకుండా ఆ బండి ఇంజనులో రంగు వేయని లోహపు భాగానికి తగిలించాలి. చివరి తాకిడిలో నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర మండే వాయువు ఉండవచ్చు కనుకనే ఈ జాగ్రత్త. తీసేటప్పుడు ఇదే వరుసను తిరగేయాలి.

ఘాట్, గెడ్డ, కళ్ళం

సుంకి నుంచి సాలూరు వైపు దిగేటప్పుడు ఎక్కడానికి వాడిన గేరులోనే దిగాలన్న లారీ డ్రైవర్ల నియమం కార్లకూ వర్తిస్తుంది. న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందనుకునేవారు బ్రేకులను కాల్చుకుంటారు. మాడు వాసన వస్తే వెడల్పైన చోట ఆపి, బ్రేకులను గాలికి చల్లారనివ్వాలే తప్ప చక్రాల మీద నీళ్ళు పోయకూడదు.

గెడ్డ రోడ్డు మీదుగా పొంగి పారుతుంటే లోతు ఎంతో తెలియక దిగకూడదు. ఒక అడుగు లోతున వేగంగా పారే నీరు చిన్న కారును పక్కకు నెట్టగలదు. నిలిచిన నీటిలో ఇంజను ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్లలోకి చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు కాబట్టి లోపలి కడ్డీలు వంగిపోతాయి, ఒక్క ప్రయత్నంతో ఇంజను మొత్తం విప్పించవలసి వస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు దారులను నీటితో పాటు కూలిన చెట్లు కూడా మూసేశాయి. తుపాను హెచ్చరిక ఉన్న రోజు ట్యాంకు నింపుకుని, ఉద్దానం వైపైతే కొబ్బరిచెట్ల నీడన కాకుండా ఖాళీ స్థలంలో బండిని నిలపడమే మేలు.

పల్లెదారుల మీద ఉలవలు, నువ్వులు పరిచి వాహనాల కింద నూర్చుకునే రోజుల్లో ఎండు కట్టె చక్రాల ఇరుసుకు చుట్టుకుని సైలెన్సర్ గొట్టానికి తగులుతుంది. ఆ గొట్టం కట్టెకు నిప్పంటుకునేంత వేడిగా ఉంటుంది. కళ్ళం దాటగానే ఆపి, ఇంజను కట్టేసి, వంగి చూసి లాగివేయాలి. పొగ ముందు భాగం నుంచి వస్తుంటే బోనెట్ పూర్తిగా ఎత్తకూడదు, గాలి తగిలి మంట పెద్దదవుతుంది. అందరూ దూరంగా జరిగి 101కి ఫోన్ చేయడమే సరైన పని.

పని పూర్తయ్యాక జాకీ, స్పానర్, చెక్క అన్నీ డిక్కీలో సర్ది, అందరినీ ఎక్కించే ముందు, మొదట వెళ్ళినట్టే రోడ్డు అంచున ఎదురుగా వచ్చే వాహనాలను చూస్తూ నడిచి త్రిభుజాన్ని తెచ్చుకోవాలి. యాభై కిలోమీటర్లు వెళ్ళాక ఒకసారి ఆగి నట్లను మళ్ళీ బిగించి, పంచరైన టైరును ఆ రోజే బాగు చేయించాలి.