సర్వర్‌లో నిజంగా ఏ లెవెల్ నడుస్తోంది? ప్యాచ్ వేసే ముందు, వేశాక చూసుకోవాల్సినవి

ప్యాచ్ (సాఫ్ట్‌వేర్‌లో లోపాలు సరిచేసే అప్‌డేట్) వేయడం పెద్ద కష్టం కాదు, మన సర్వర్ల మీద ఈ రోజు ఏముందో సరిగ్గా తెలుసుకోవడమే కష్టం. బాలానగర్‌లో ఒక కంపెనీకి సర్వర్లు చూసే రోజుల్లో నా దగ్గర నీట్‌గా ఒక ఎక్సెల్ షీట్ ఉండేది. రెండు డేటాబేస్ సర్వర్లూ ఒకే లెవెల్ (అంటే ఏ అప్‌డేట్ దాకా వచ్చాయో అది) అని అందులో రాసి ఉంది, నేనూ నమ్మాను. ఒక రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, రెండూ ఆగిపోయాయి. ఒకటి లేచింది, రెండోది లేవలేదు. పొద్దున్నే గోడౌన్ నుంచి ఫోన్, "అన్నా, బిల్లు వస్తలేదు, బయట మూడు లారీలు ఆగినయ్" అని. తీరా చూస్తే ఆ సర్వర్‌లో కొత్త కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) ఎనిమిది నెలల కిందటే ఇన్‌స్టాల్ అయింది కానీ బూట్ పార్టిషన్ (సర్వర్ లేవడానికి కావాల్సిన ఫైళ్లుండే డిస్క్ భాగం) నిండిపోయి సగమే పడింది, ఆ తర్వాత ఎవరూ రీబూట్ చేయలేదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

అందుకే షీట్‌ని కాదు, మెషీన్‌నే అడగండి. రెడ్ హ్యాట్ తరహా లినక్స్‌లో 'యూనేమ్ హైఫన్ ఆర్' కొడితే ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ కనిపిస్తుంది, 'ఆర్‌పీఎం హైఫన్ క్యూ కెర్నల్' కొడితే ఇన్‌స్టాల్ అయినవన్నీ కనిపిస్తాయి. నడుస్తున్నది అన్నిటికన్నా కొత్తది కాకపోతే రీబూట్ బాకీ ఉన్నట్టే. ఒకసారి 'అప్‌టైమ్' కూడా చూడండి. 400 రోజుల నుంచి ఆగకుండా నడుస్తోందని కొందరు గొప్పగా చెప్పుకుంటారు, లైవ్ ప్యాచింగ్ (రీబూట్ లేకుండానే కెర్నల్‌కి ప్యాచ్ వేసే పద్ధతి) లేకపోతే ఆ 400 రోజుల్లో వచ్చిన కెర్నల్ ప్యాచ్ ఒక్కటీ పని మొదలుపెట్టలేదని నాకు అర్థమవుతుంది.

విండోస్‌లో బిల్డ్ నంబరు చూడండి: 14393 అంటే సర్వర్ 2016, 17763 అంటే 2019, 20348 అంటే 2022. ఆ తర్వాత చుక్క పక్కన ఉండే నంబరే అసలైనది, ఏ నెల అప్‌డేట్ దాకా వచ్చామో అది చెబుతుంది. ఏఐఎక్స్ (ఐబీఎం వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్నవాళ్లు 'ఓఎస్‌లెవెల్ హైఫన్ ఎస్' కొట్టండి. 7200-05-03-2148 అని వచ్చిందంటే వెర్షన్ 7.2, టెక్నాలజీ లెవెల్ 5, సర్వీస్ ప్యాక్ 3, అది 2021లో 48వ వారానిది. ఒక్క ఫైల్‌సెట్ (విడిగా ఇన్‌స్టాల్ అయ్యే ఒక ముక్క) వెనకబడినా మొత్తం లెవెల్‌ని కిందికే చూపిస్తుంది, కాబట్టి అప్‌డేట్ చేసినా నంబరు మారలేదంటే కంగారు పడకుండా ఆ వెనకబడింది ఏదో వెతకండి.

సపోర్ట్ (కంపెనీ ప్యాచ్‌లు ఇవ్వడం) ఎప్పటిదాకా ఉందో కూడా అదే షీట్‌లో రాసుకోండి. రెడ్ హ్యాట్ తరహా లినక్సే అయిన సెంటాస్ 7కి 2024 జూన్ 30తో అయిపోయింది, విండోస్ సర్వర్ 2012 ఆర్2కి మామూలు సపోర్ట్ 2023 అక్టోబర్ 10నే ముగిసింది, సర్వర్ 2016కి 2027 జనవరి 12 దాకా ఉంది. సపోర్ట్ పోయిన దానికి ప్యాచ్ షెడ్యూల్ కాదు, మార్చే ప్లాన్ కావాలి.

ఆడిట్‌వాళ్ల స్కానర్ "మీ అపాచీ వెర్షన్ పాతది" అని (అపాచీ అంటే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) ఎర్రగా చూపిస్తే వెంటనే బయటి నుంచి కొత్తది తెచ్చి పెట్టకండి. రెడ్ హ్యాట్‌లాంటి కంపెనీలు పైకి కనిపించే వెర్షన్ నంబరు మార్చకుండానే పాత వెర్షన్‌లోకి ఆ రిపేరు తెచ్చి కలుపుతాయి. 'ఆర్‌పీఎం హైఫన్ క్యూ' కమాండ్‌కి చేంజ్‌లాగ్ (మార్పుల చిట్టా) ఆప్షన్ ఇచ్చి, అందులో ఆ సీవీఈ నంబరు (ఆ లోపానికి ఇచ్చిన గుర్తింపు నంబరు) వెతికి, దొరికితే ఆ లైనే వాళ్లకి పంపండి.

ఇక ఎప్పుడు వేయాలి? మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి, మనకి అప్పటికి రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. బుధవారం టెస్ట్ సర్వర్ మీద, ఆ వారాంతంలో ముఖ్యం కాని ఒకటి రెండింటి మీద వేయండి. అకౌంట్స్ సర్వర్ల దగ్గర మాత్రం జీఎస్టీ రిటర్నుల ఆఖరి తేదీలు చూసుకోవాలి, 11న ఒకటి, 20న ఇంకొకటి. అందుకే నేను వాటిని 20 తర్వాత వచ్చే ఆదివారం పెట్టుకుంటాను. నిమజ్జనం రోజు మాత్రం వద్దు. ఏదైనా ఆగిపోతే ట్యాంక్‌బండ్ దాటి సర్వర్ రూమ్‌కి చేరడం మన చేతిలో ఉండదు.

అలాగని నెలల తరబడి వాయిదా వేయొద్దు. వానాక్రై (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగిన వైరస్) వాడుకున్న లోపానికి ప్యాచ్ 2017 మార్చి 14నే వచ్చింది, దాడి జరిగింది మే 12న. దెబ్బతిన్నవాళ్లకి 59 రోజుల టైమ్ ఉంది. అన్నిటి మీదా ఒకేసారి వేయడమూ ప్రమాదమే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దెబ్బకి శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అది ఓఎస్ ప్యాచ్ కాదు కానీ జరిగింది మాత్రం ఇదే, ఒక్క తప్పు ఒకేసారి అన్ని మెషీన్ల మీదా పడింది.

ఆ రాత్రి పనికి కూర్చునే ముందు బ్యాకప్ అయిందా అని కాదు, దాని నుంచి ఒక ఫైల్ వెనక్కి తీసి తెరుచుకుంటోందా అని చూడండి. బూట్ పార్టిషన్‌లో చోటు చూడండి. రిమోట్ కన్సోల్ (దూరం నుంచే సర్వర్ స్క్రీన్ చూసే దారి) పాస్‌వర్డ్ పని చేస్తోందో లేదో ముందే లాగిన్ అయి చూసుకోండి. వర్చువల్ మెషీన్ అయితే స్నాప్‌షాట్ (వెనక్కి వెళ్లడానికి అప్పటి స్థితిని దాచుకోవడం) తీసి, మూడు రోజుల్లోపు దాన్ని డిలీట్ చేసేయండి, లేకపోతే అది పెరిగి పెరిగి డిస్క్ మింగేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ప్యాచ్ వేయకముందే ఒకసారి రీబూట్ చేయండి. మేనేజర్లు రెండు రీబూట్లెందుకని అడుగుతారు. ముందే లేవని సర్వర్ అయితే తప్పు పాతదని అప్పుడే తేలుతుంది, లేకపోతే అర్ధరాత్రి రెండు గంటలకి తప్పు ప్యాచ్‌దా, ఎనిమిది నెలల కిందటి కెర్నల్‌దా అని టెన్షన్ పడుతూ కూర్చోవాలి.

ప్యాచ్ వేసి, రీబూట్ చేసి, లెవెల్ మళ్లీ అడిగి, వచ్చింది వచ్చినట్టు షీట్‌లో ఎక్కించండి. సర్వర్ పింగ్ అవుతోంది (నెట్‌వర్క్‌లో పిలిస్తే పలుకుతోంది) కదా అని లేచి వెళ్లిపోకండి. గోడౌన్‌లో ఉన్న మనిషికి ఫోన్ చేసి, ఒక బిల్లు కొట్టించి, ప్రింటర్‌లోంచి కాగితం బయటికి వచ్చిందని అతను చెప్పాక ల్యాప్‌టాప్ మూయండి.